పోర్టు వచ్చాక

మా ఇంట్లో సగం పనులకు ఒకటే ముహూర్తం ఉండేది: పోర్టు వచ్చాక. మేడ మీద గది ఎప్పుడు వేద్దామంటే పోర్టు వచ్చాక. పెంకులు దింపేసి శ్లాబు పోయిద్దామంటే పోర్టు వచ్చాక. మా చిన్నబాబాయికి హైదరాబాదులో ఉద్యోగం దొరికి పెట్టె సర్దుకుంటుంటే మామ్మ గుమ్మంలో నిలబడి, "ఓ రెండేళ్లు చేసి వచ్చెయ్యరా, పోర్టు వస్తే ఇక్కడే బోలెడు ఉద్యోగాలు" అంది. బాబాయి అక్కడే రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకుని, మనవల్ని ఎత్తుకు తిప్పుతున్నాడు. మామ్మ పోయి ముప్పై ఏళ్లు దాటింది.

మాది బందరు. బోర్డుల మీద, రైలు టిక్కెట్ల మీద మచిలీపట్నం అని ఉంటుంది కానీ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ నోటితో అలా అనరు. బందరు అంటే పారశీక భాషలో రేవు అని అర్థం. ఊరి పేరే రేవు. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం ఓడలు వచ్చిపోయే రేవు తాతయ్య మాటల్లోనే మిగిలింది.

తాతయ్య కుర్రతనంలో ఒక షావుకారు దగ్గర గుమాస్తాగా చేశారు. ఆయన పని పడవ లెక్కలు రాయడం. బందరు సముద్రం బాగా మెరక. కృష్ణమ్మ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు అంతా ఈ తీరంలోనే పరుచుకుంది. ఓడ ఒడ్డుకు రాలేదు. కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడేది. సరుకును ఇక్కడినుంచి పడవల మీద అక్కడికి మోయాలి, అక్కడిది ఇక్కడికి దింపాలి. నీళ్లు పొంగే పోటు మీద పడవ మొగ, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోటు, దాటి వెళ్లాలి, మళ్లీ పోటు చూసుకునే లోపలికి రావాలి. పోటు తప్పితే పడవ ఇసుక మేటలో కూర్చుంటుంది. ఇక ఆరు గంటలు ఎవరేం చేసినా కదలదు.

ఆ బస్తాలను తాతయ్య గట్టు మీద నిలబడి లెక్కపెట్టేవారట. ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. లాభం, రెండు, మూడు, నాలుగు... ఏడు దగ్గరికి వచ్చేసరికి "ఆరున్నొకటి". ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని. నా చిన్నప్పుడు ఆయన బియ్యం కొలిచినా, మామిడికాయలు లెక్కపెట్టినా, మెట్లు దిగుతున్నప్పుడు కూడా అదే వరస. స్కూల్లో టీచరు లెక్కపెట్టమంటే నేను లాభం అని మొదలుపెట్టాను. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే తాతయ్య తల నిమిరి, "వాళ్ల తాతలు బస్తాలు మొయ్యలేదురా" అన్నారు.

ఆయనకు ఒకటే కోరిక ఉండేది. ఓడ వచ్చి బందరు గట్టుకు ఆనాలి. మధ్యలో పడవ లేకుండా, మనిషి గట్టు మీద నుంచి నేరుగా ఓడలోకి అడుగు పెట్టాలి. 1933లో విశాఖపట్నంలో హార్బరు తెరిచినప్పుడు ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు. అక్కడ ఓడ గోడ పక్కకే వచ్చి ఆగుతుందని ఎవరో చెబితే ఆ రాత్రి నిద్ర పట్టలేదని చాలాసార్లు చెప్పారు. అదే ఎందుకో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఓడ ఆనే చోటికే సరుకు పోతుందని, సరుకు వెనకాలే మనుషులు కూడా పోతారని ఆ రోజే ఆయనకు తెలిసిపోయింది.

సాయంత్రాలు నన్ను వెంటేసుకుని పేటలన్నీ తిప్పేవారు. మా ఊళ్లో పేటల పేర్లే పెద్ద చరిత్ర పుస్తకం. పరాసుపేట అంటే పరాసులు, ఫ్రెంచివాళ్లు ఉన్న పేట. వలందపాలెం అంటే హాలండు వాళ్లది, డచ్చివాళ్లు. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పక్కర్లేదు. ముగ్గురూ సముద్రం మీద వచ్చి, మన అద్దకం బట్టల కోసం ఇక్కడ కొట్లు తెరిచారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1611లోనే దిగారు. అప్పటికి మద్రాసు పట్నమే లేదు. గోల్కొండ నవాబులకు సముద్రం మీదికి తెరుచుకున్న తలుపు మా ఊరు. పెడన చుట్టుపక్కల ఇప్పటికీ చెక్క అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డలు ఆ రోజుల్లో పర్షియాకు ఓడలెక్కి వెళ్లేవి. డచ్చివాళ్ల సమాధుల రాళ్ల మీద చెక్కిన అక్షరాలను వేలితో తడుముతూ, "వీళ్లందరూ మన గుడ్డ కట్టుకోవడానికి వచ్చినవాళ్లేరా" అనేవారు తాతయ్య.

ఊరు ఎలా చితికిపోయిందో కూడా ఆయనే చెప్పారు. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను వచ్చి, సముద్రం లేచి ఊరి మీద పడింది. ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. ఆ తర్వాత ఇంగ్లీషు వాళ్లు పటాలాన్ని ఎత్తేశారు. బందరుకోట పాడుపడింది. తాతయ్యకు వాళ్ల తాత చెప్పిన కథ ఇది: తెల్లారేసరికి ఇంట్లో గోడకు కొట్టిన మేకు మీద, మనిషి ఎత్తులో, చేప ఒకటి వేలాడుతోందట. నిజమో కాదో నాకు తెలియదు. చిన్నప్పుడు మా ఇంటి గోడకున్న మేకుల వంక రాత్రిపూట చూడాలంటే భయమేసేది.

ఆ భయం కథగా ఉండిపోలేదు. 1977 నవంబరు 19 నాటికి నాకు తొమ్మిదేళ్లు. గాలి మొదలైనప్పుడు నాన్నగారు తలుపులకు అడ్డంగా రోకలి పెట్టారు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు, ఎవరో పైన నడుస్తున్నట్టు. తాతయ్య మమ్మల్ని మూలగదిలో కూర్చోబెట్టి, తను గుమ్మం దగ్గర నేల మీద చెయ్యి ఆనించి కూర్చున్నారు. నీళ్లు వస్తే చేతికి ముందు తెలుస్తుందని. రాత్రంతా అలాగే. మాకు నీళ్లు రాలేదు. దివిసీమకు వచ్చాయి. ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేల మంది. ఆ తర్వాత వారం రోజులు మా స్కూలు తెరవలేదు. ఊళ్లోకి వచ్చిన మనుషుల కళ్లు ఇప్పటికీ గుర్తు. ఒకావిడ మా వీధి అరుగు మీద కూర్చుని ఎవరు గంజి ఇచ్చినా తాగేది, ఎవరు ఏం అడిగినా మాట్లాడేది కాదు. అమ్మ తన చీర ఒకటి తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది.

ఇన్ని చేసిన సముద్రం దగ్గరికే మళ్లీ కార్తీకం వచ్చేసరికి పరిగెత్తేవాళ్లం. పౌర్ణమికి ముందు చిలకలపూడి పాండురంగడి గుడి. 1929లో భక్త నరసింహం గారు కట్టించిన గుడి అది. అక్కడ స్వామి పాదాలు మన చేత్తో మనం పట్టుకోవచ్చు. మామ్మ ఆ పాదాలు పట్టుకుని ఎంతసేపటికీ వదిలేది కాదు. వెనకవాళ్లు "అమ్మా, జరగండమ్మా" అంటున్నా సరే. అక్కడినుంచి మంగినపూడి. జట్కాల మీద, బస్సు పైకప్పుల మీద, ఎడ్లబళ్ల మీద జనం. సముద్రస్నానం అంటే బయటి ఊళ్ల వాళ్లు తెల్లటి ఇసుక, పెద్ద పెద్ద అలలు ఊహించుకుంటారు. మంగినపూడిలో కాళ్ల కింద నల్లటి మెత్తటి మట్టి. ఎంత దూరం నడిచినా నీళ్లు మోకాళ్లు దాటవు. ఆ మట్టి వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికి వస్తుంటే కలిగే చక్కిలిగింత ఇంకే సముద్రంలోనూ నాకు దొరకలేదు. గోవా వెళ్లాను, పూరీ వెళ్లాను. అవి చాలా అందంగా ఉన్నాయి. కాళ్లు మాత్రం నల్లమట్టినే వెతుక్కున్నాయి.

దూరంగా లైట్‌హౌసు, సరుగుడు తోటలు, తోటల నీడలో వేడివేడిగా మిరపకాయ బజ్జీలు. అమ్మ పులిహోర కట్టుకొచ్చేది, అందులో ఎప్పుడూ కాస్త ఇసుక పడేది. తాతయ్య పంచె ఎగ్గట్టుకుని నీళ్లలోకి వెళ్లి, తూర్పుకు తిరిగి అర్ఘ్యం ఇచ్చి, అలా నిలబడే ఉండేవారు. అర్ఘ్యం అయిపోయినా చేతులు దించకుండా సముద్రం వంకే చూసేవారు. ఓడ కోసం చూస్తున్నారని నేననుకునేవాణ్ణి. 1986లో ఆయన పోయారు. ఆ ఏడు కార్తీకంలో నాన్నగారు అదే చోట, అలాగే నిలబడ్డారు.

2004 డిసెంబరు 26 ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఆ పొద్దున కూడా అక్కడ జనం స్నానాలు చేస్తున్నారు. సునామీ వచ్చింది. మంగినపూడిలో ప్రాణాలు పోయాయి. నేను హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని ఇంటికి ఫోను కలుపుతూనే ఉన్నాను, లైను దొరకలేదు. గంటన్నర తర్వాత అమ్మ గొంతు వినిపించింది. నాన్నగారికి ఆ రోజు జలుబు చేసి స్నానానికి వెళ్లలేదట. ఆ గంటన్నర టెన్షన్ ఎలాంటిదో నా పిల్లలకు ఎప్పుడూ చెప్పలేకపోయాను.

రేవు పోయినా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు, ఎందుకంటే బందరు అంటే "పాపం, చరిత్ర ఉన్న ఊరు" అని జాలి పడేవాళ్లే ఎక్కువ. కృష్ణాపత్రిక ఇక్కడ పుట్టింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును ఇక్కడే మొదలుపెట్టారు. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వచ్చింది, కాలేజీ లాబుల్లోకి కావలసిన పరికరాలు చేసేవాళ్లు. అదే తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లి ఇప్పటికీ నడుస్తోంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు దేశమంతా మెడల్లో ఉన్నాయి. మా పెద్దమ్మ వాళ్ల ఇంట్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లందరూ చుట్టూ కూర్చుని గొలుసుల కొక్కేలు అతుకుతుంటే, ఆ సన్నని మంట వాసన, రేడియోలో పాటలు. ఇక తొక్కుడు లడ్డు సంగతి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. పూస వండి, దాన్ని రోట్లో వేసి దంచి, పాకంలో కలిపి, మళ్లీ దంచి చేసే లడ్డు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమెరికాలో ఉన్న మా పెదనాన్న మనవరాలు పెళ్లిచూపులకు కూడా బందరు లడ్డే తెప్పించింది.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజు నాన్నగారు తన పాత పాస్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన మొదటి జీతం అందులోనే పడింది. లెక్కల మాస్టారాయన. ఏదీ పైకి చెప్పరు.

1996లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆయన మంగినపూడి రోడ్డులో పది సెంట్ల స్థలం కొన్నారు. అమ్మ వద్దంది. ఆ డబ్బు నా పేరు మీద బ్యాంకులో వెయ్యండి అంది. ఆయన ఒకటే మాట: "పోర్టు వచ్చాక చూడు." పోర్టు కోసం భూములు తీసుకుంటారన్న కబురు వచ్చినప్పటినుంచి అటు అమ్మడానికీ కుదరలేదు, ఇటు అనుభవించడానికీ కుదరలేదు. అమ్మకు ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆ స్థలం అమ్ముదామని చూశాం. కొంటానన్న ఆయన కాగితాలు చూసుకుని, రేపు వస్తానని వెళ్లి, మళ్లీ రాలేదు. చెల్లెలి గాజులు కుదువ పెట్టాం. అమ్మ కోలుకుంది, గాజులు విడిపించాం. నాన్నగారు మాత్రం ఆ తర్వాత అమ్మ ముందు పోర్టు మాట ఎత్తడం మానేశారు. మా చుట్టుపక్కల ఊళ్లలో మాకంటే కష్టపడ్డ రైతులు చాలామంది ఉన్నారు. మాది పది సెంట్లు, వాళ్లది తిండి గింజలు.

మూడుసార్లు పోర్టు పనులు మొదలుపెట్టడం చూశాం. ముగ్గురు ముఖ్యమంత్రులు వచ్చారు. 2008లో మొదటిసారి. నాన్నగారికి డెబ్భై ఏళ్లు, గొడుగు వేసుకుని కరగ్రహారం దాకా ఆటోలో వెళ్లారు. జనంలో తొక్కిసలాడుకుంటూ ఏం చూశారో తెలియదు, చెప్పులు పోగొట్టుకుని ఉత్త కాళ్లతో ఇంటికొచ్చారు. మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా ఉందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2019 ఫిబ్రవరిలో రెండోసారి. అప్పటికి ఆయన నడక తగ్గింది, బాబాయి కొడుకు బండి మీద తీసుకెళ్లాడు. 2023 మే 22న తపసిపూడిలో మూడోసారి. ఆ ఎండలో వద్దని బతిమాలి ఇంట్లోనే కూర్చోబెట్టాం. టీవీలో చూస్తూ, "సరుగుడు తోటలు కనపడట్లేదేమిట్రా" అన్నారు.

ఈ మూడోసారికి పని నిజంగానే మొదలైంది. మొదటి దశకు అయిదు వేల కోట్ల పైన ఖర్చు, ఓడలు ఆనడానికి నాలుగు బెర్తులు అని పేపర్లో వస్తే, నాన్నగారు ఆ ముక్క కత్తిరించి తాతయ్య లెక్కల పుస్తకంలో పెట్టారు.

2024 కార్తీక పౌర్ణమికి ఆయన్ను మంగినపూడి తీసుకెళదామని అనుకుని హైదరాబాదు నుంచి బయలుదేరాను. విజయవాడ దాటాక ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ వాసన, పామర్రు, గూడూరు, అన్నీ ఇప్పుడు నాలుగు లైన్ల రోడ్డు మీద కన్నుమూసి తెరిచేలోగా వెళ్లిపోతాయి. మా రోజుల్లో బెజవాడ నుంచి బందరు వెళ్లే బస్సు ఆగని చెట్టు ఉండేది కాదు. పుణెలో మొదలైన జాతీయ రహదారి మా ఊళ్లోకి వచ్చి ఆగిపోతుంది. దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లం. రోడ్డు కూడా సముద్రం చూడటానికే ఇంత దూరం వచ్చిందని. ఊళ్లో మెడికల్ కాలేజీ వచ్చింది, 2023 నుంచి క్లాసులు నడుస్తున్నాయి. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు కోనేరు సెంటర్లో టీ తాగుతుంటే ఆగి చూశాను. ఏ యాసలోనో మాట్లాడుకుంటున్నారు. మా ఊరికి చదువు కోసం బయటి పిల్లలు వచ్చారు. మామ్మ ఉండి ఉంటే పిలిచి లడ్డు పెట్టేది.

పౌర్ణమి ముందురోజు చేపల హార్బరు ఉన్న గిలకలదిండి వెళ్లాను. హైస్కూల్లో నా పక్క బెంచీ వాడు అక్కడ ఉంటాడు. మరబోటు ఉంది, కొడుకులిద్దరూ వేటకు వెళతారు. హార్బరులో రెండో దశ పనులు చూపించాడు. బోట్లు ఆగే చోటు పెరిగింది, గట్లు కడుతున్నారు. వాణ్ణి అడిగాను, పోర్టు వస్తే మీకు మంచిదేనా అని.

"పోర్టు పెద్దోళ్ల సంగతిరా. మాకు మొగ బాగుండాలి" అన్నాడు. "నీళ్లు తగ్గే పాటు మీద వస్తే బోటు మేటకు తగులుద్ది. చేప ఐసులో ఉంటది, మేం పోటు కోసం సముద్రంలో కూర్చుంటాం. ఒడ్డు కనపడతా ఉంటది, ఇంట్లో లైట్లు కనపడతా ఉంటాయి."

తాతయ్య పడవలు కూర్చున్న మేటే అది. తొంభై ఏళ్ల తర్వాత వాడి కొడుకులు కూర్చుంటున్నారు.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. సముద్రంలోకి రాళ్లగోడ కడితే కెరటం ఎటో ఒకవైపు తిరుగుద్ది, ఒక పక్క ఇసుక పెరిగితే ఇంకో పక్క కోసుకుపోతుంది అని. వాడు చదువుకుంది పదో తరగతే, కానీ చెప్పింది ఇంజనీర్లు చెప్పేదే. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. దానికి అడ్డం కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కొట్టుకుపోతుంది. విశాఖలో పోర్టు వాళ్లు తవ్విన ఇసుకనే తెచ్చి రామకృష్ణా బీచ్‌లో పోయాల్సి వస్తోంది. బందరులో కూడా ఏటేటా ఒడ్డును కొలవాలి. కోసుకుపోతుంటే ఇసుక తెచ్చి పోయాలి. మొగలో పూడిక ఏడాదికోసారి కాదు, అవసరమైనప్పుడల్లా తీయాలి. పోర్టు కావాలని నా కంటే గట్టిగా కోరుకునేవాడు ఉండడు. మూడు తరాల కోరిక అది. అందుకే ఇవన్నీ కావాలని కూడా అంతే గట్టిగా అడుగుతున్నాను. వాడి కొడుకులకు పోర్టు గేటు దగ్గర ఉద్యోగం కాకుండా, వాళ్లు కోరుకుంటే, వాళ్ల వేట వాళ్లకు మిగలాలి.

వెళ్లేముందు పండుగప్ప ఒకటి సంచిలో వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. కార్తీకం కదా తినం అంటే, "మీ ఆవిడ తింటది కదా, నిన్న ఫోన్లో అడిగింది" అన్నాడు. నిజమే.

పౌర్ణమి రోజు తెల్లవారుజామున నాన్నగారిని కారులో ఎక్కించాం. ఎనభై ఆరేళ్లు. నీళ్లలోకి దింపే ధైర్యం నాకు లేదు. మడతకుర్చీ డిక్కీలో పెట్టుకున్నాను. జనం ఎప్పటిలాగే ఇసకేస్తే రాలనంత మంది. దీపాలు అరటి దొప్పల్లో నీళ్ల మీద కదులుతున్నాయి. నేను నీళ్లలోకి దిగాను. కాళ్ల కింద నల్లమట్టి, అదే మెత్తదనం. వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. కాసేపు అలా నిలబడిపోయాను. తిరిగొచ్చి రెండు గ్లాసుల సముద్రపు నీళ్లు నాన్నగారి పాదాల మీద పోశాను. ఆయన కళ్లు మూసుకుని ఏదో చెప్పుకున్నారు.

"అటు తీసుకెళ్లు" అన్నారు తర్వాత. అటు అంటే తపసిపూడి వైపు.

వెళ్లగలిగినంత దూరం వెళ్లాం. ఇక ఇక్కడిదాకానే అని ఆపేసిన చోట కారు పక్కకు పెట్టి కుర్చీ వేశాను. ముందున్న నేలంతా ఎర్రమట్టి, చక్రాల గాడులు. తోటలు లేవు. చిన్నప్పుడు బజ్జీలు తిన్నది ఇక్కడా, ఇంకొంచెం అవతలా, గుర్తు పట్టడానికి ఒక్క చెట్టు లేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. కానీ దూరంగా సముద్రంలోకి నల్లటి గీత ఒకటి సాగి ఉంది. రాళ్లగోడ. నా జీవితంలో ఎప్పుడూ నీళ్లే ఉన్న చోట అది ఉంది.

"అదేనా?"

"అదే నాన్నగారూ. ఇంకోవైపు నుంచి కూడా ఒకటి వస్తుంది. మధ్యలో లోతు తవ్వుతారు. ఓడ ఆ రెండింటి మధ్యలోంచి లోపలికి వస్తుంది."

"వచ్చి?"

"గట్టుకు ఆనుతుంది."

ఆయన మాట్లాడలేదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. మా వెనకనుంచి పెద్ద లారీ ఒకటి, ఒక్కొక్కటి మంచం అంతేసి ఉన్న రాళ్లతో, నేల అదురుతూ వచ్చి మమ్మల్ని దాటి గోడ వైపు వెళ్లింది. దుమ్ము మా మీద పడింది. పక్కకు జరుగుదాం అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆగమన్నారు. చూపు లారీ మీదే ఉంది.

"లాభం" అన్నారు.

ఇంకోటి వచ్చింది.

"రెండు."